అశ్వగంధ మొదలుపెట్టాక ఆందోళన పెరిగితే: ఒక నైట్ షిఫ్ట్ ఉద్యోగిని కేసు

34 ఏళ్ల మహిళ. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్ లీడ్. క్లయింట్ అమెరికాలో ఉన్నందున డ్యూటీ సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజాము మూడున్నర దాకా. క్యాబ్‌లో ఇల్లు చేరి పడుకునేసరికి అయిదు దాటుతుంది. ఆరేళ్లుగా హైపోథైరాయిడిజం (థైరాయిడ్ హార్మోన్ తక్కువగా తయారవడం) ఉంది, థైరాక్సిన్ 75 మైక్రోగ్రాముల మాత్ర వాడుతున్నారు. బీపీ, షుగర్, ఆస్తమా లేవు. ఆమె చెప్పిన ఇబ్బంది: "రెండు నెలలుగా గుండె దడదడలాడుతోంది, నిద్ర లేదు, ఊరికే ఏడుపొస్తోంది. ఒత్తిడి తగ్గడానికి అన్నీ చేస్తున్నాను, ఏదీ పనిచేయట్లేదు." ఆ 'అన్నీ' ఏమిటో బయటపడటానికి దాదాపు పావుగంట పట్టింది.

(ఈ కేసు ఏ ఒక్క మనిషిదీ కాదు. ఒకే తరహాలో వచ్చే కేసులను కలిపి, గుర్తుపట్టే వివరాలు లేకుండా కూర్చినది. అంకెలు అలాంటి కేసుల్లో మామూలుగా కనిపించే తీరులో ఉన్నాయి.)

మందుల చరిత్ర ఎలా అడగాలి

"మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే వచ్చే జవాబు "థైరాయిడ్ మాత్ర ఒక్కటే." ఇందులో అబద్ధమేమీ లేదు. మన ఇళ్లలో అశ్వగంధ మందుల లెక్కలోకి రాదు. అది పొడి, లేదా లేహ్యం, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న 'గమ్మీ'. అందుకే ప్రశ్నను ముక్కలు చేసి అడగాలి: పాలలో కలుపుకునే పొడులున్నాయా, కషాయాలా, లేహ్యాలా, జుట్టుకో చర్మానికో ఏమైనా మింగుతున్నారా, నిద్ర కోసం ఏమైనా, జిమ్‌లో ఎవరైనా ఇచ్చినవా, అమ్మగారో అత్తగారో పంపినవా. నోటితో చెప్పించుకుని వదిలేయకూడదు. ప్రతి డబ్బాకూ ముందువైపు, వెనకవైపు రెండు ఫొటోలు వాట్సాప్‌లో పెట్టించుకోవాలి. ముందువైపు ఉండేది ప్రచారం. డోసు, మొక్క భాగం, ప్రామాణీకరణ శాతం (పనిచేసే పదార్థం ఎంత శాతమో), లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్ అన్నీ వెనకే ఉంటాయి.

ఫొటోలు వచ్చాక తేలింది ఇది.

ఒకటి, అశ్వగంధ వేరు ఎక్స్‌ట్రాక్ట్ (చిక్కటి సారం) క్యాప్సూల్, 600 మి.గ్రా., రోజుకు రెండు. లేబుల్ మీద 'వితనోలైడ్లు 5 శాతం' అని ఉంది, అంటే అశ్వగంధలో పనిచేసే రసాయనాలు. రెండు, 'స్ట్రెస్ రిలీఫ్' గమ్మీలు రోజుకు రెండు, ఒక్కోదాంట్లో అశ్వగంధ ఎక్స్‌ట్రాక్ట్ 150 మి.గ్రా. వేరుదో ఆకుదో రాయలేదు, శాతం కూడా లేదు. మూడు, రాజమండ్రి నుంచి అమ్మ పంపిన అశ్వగంధాది లేహ్యం, రాత్రి డ్యూటీకి వెళ్లేముందు పాలతో ఒక చెంచా. నాలుగు, జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ 10 మి.గ్రా. మాత్ర, రోజూ ఒకటి. వీటికి తోడు రోజుకు నాలుగు కాఫీలు, చివరిది రాత్రి రెండింటికి.

అంటే ఒకే మూలిక మూడు దారుల్లో లోపలికి వెళ్తోంది. క్యాప్సూల్, గమ్మీ కలిపితేనే రోజుకు 1500 మి.గ్రా. ఎక్స్‌ట్రాక్ట్. ఒత్తిడి మీద జరిగిన పరీక్షల్లో ఎక్కువగా వాడిన డోసు రోజుకు 600 మి.గ్రా. లోపే. ఆమె అంతా కూడి ఎప్పుడూ చూసుకోలేదు. ఎందుకంటే ఏ డబ్బాకు ఆ డబ్బా 'సిఫారసు చేసిన మోతాదు'లోనే ఉంది.

ఎలా మొదలై ఎక్కడికి వచ్చింది

దసరా సెలవులకు మూడు రోజుల ముందు క్యాప్సూల్ మొదలుపెట్టారు, రోజుకు ఒకటి. సెలవుల్లో పది రోజులు పుట్టింట్లో ఉన్నారు. రాత్రి పదింటికి పడుకుని పొద్దున లేచారు, ల్యాప్‌టాప్ ముట్టలేదు. నిద్ర బాగా పట్టింది, మనసు తేలికపడింది. ఆ ఘనత మొత్తం క్యాప్సూల్ ఖాతాలో పడింది. తిరిగి వచ్చి నైట్ షిఫ్ట్‌లో చేరిన రెండో వారానికే నిద్ర మళ్లీ చెడింది. 'ఒకటి సరిపోవట్లేదు' అనుకుని రెండు చేశారు. ఆ తర్వాత గమ్మీలు, ఆపైన లేహ్యం.

మూలికల కేసుల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. మూలిక మొదలుపెట్టిన వారమే సెలవు పెట్టడమో, కాఫీ మానేయడమో, నడక మొదలుపెట్టడమో జరుగుతుంది. ఏది పనిచేసిందో తెలియదు. తెలియనప్పుడు డబ్బు పెట్టి కొన్నదానికే మార్కులు పడతాయి.

తొమ్మిదో వారం నుంచి గుండెదడ, చేతుల్లో సన్నని వణుకు, ఏసీ గదిలో కూడా చెమట, రోజుకు రెండు మూడుసార్లు మోషన్. తిండి తగ్గకపోయినా మూడు కిలోల బరువు తగ్గింది. ఆమె దీన్ని "వేడి చేసింది" అని చెప్పారు, బార్లీ నీళ్లు, సబ్జా గింజలు తాగుతున్నారు. ఈ మాట దగ్గర డాక్టర్ ఆగాలి. మన దగ్గర 'వేడి చేయడం' అన్న మాట కింద మూత్రంలో మంట నుంచి నోటి పూత దాకా చాలా ఇముడుతాయి కాబట్టి వినగానే వదిలేస్తుంటాం. కానీ ఇంట్లో మిగతావాళ్లు దుప్పటి కప్పుకుంటుంటే తను ఫ్యాన్ అయిదులో పెట్టుకుంటోందంటే, అది థైరాయిడ్ లక్షణం కావచ్చు.

ఈలోపు ఒక ఆన్‌లైన్ కన్సల్టేషన్‌లో ప్రశ్నావళి నింపించి 'జనరలైజ్డ్ యాంగ్జైటీ' (ఎడతెగని ఆందోళన జబ్బు) అని తేల్చి మాత్ర రాశారు. ఆమె వేసుకోలేదు. ప్రశ్నావళిలో తప్పేమీ లేదు, అందులో నాడి చూసే ప్రశ్న లేదంతే.

పరీక్షలో కనిపించినవి

కూర్చుని పది నిమిషాలు విశ్రాంతి తీసుకున్నాక నాడి నిమిషానికి 108. బీపీ 138/78. చేతులు చాచి వేళ్ల మీద కాగితం పెడితే కాగితం అంచు వణుకుతోంది. అరచేతులు వెచ్చగా, తడిగా ఉన్నాయి. సాధారణ ఆందోళనలో అరచేతులు తడిగా ఉన్నా చల్లగా ఉంటాయి. ఇది నూటికి నూరుపాళ్లూ నమ్మదగిన గుర్తు కాదు గానీ, పరీక్ష గదిలో ఖర్చు లేకుండా దొరికే సూచన. మెడలో గడ్డ లేదు, నొప్పి లేదు, కళ్లలో మార్పు లేదు. ఈసీజీలో లయ సరిగానే ఉంది, వేగం మాత్రం ఎక్కువ.

స్కోర్లు: ఆందోళనను కొలిచే గ్యాడ్-7లో 16 (21కి), కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9లో 11 (27కి), నిద్రలేమి తీవ్రత సూచిక ఐఎస్‌ఐలో 19 (28కి). పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్నకు, అంటే చనిపోవాలన్న ఆలోచనల గురించి, జవాబు సున్నా. అయినా నోటితో మళ్లీ అడగాలి, అడిగాం, లేవన్నారు.

మొదటి రక్తపరీక్ష: టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను నడిపించే హార్మోన్, థైరాయిడ్ ఎక్కువైతే ఇది తగ్గుతుంది) 0.02, థైరాయిడ్ హార్మోన్ అయిన ఫ్రీ టీ4 2.6 (ఆ ల్యాబ్ పరిధి 0.9 నుంచి 1.7), కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 62 (40 దాకా మామూలు), బిలిరుబిన్ 0.8. గర్భ పరీక్ష నెగెటివ్. ఆరు నెలల కిందట ఆఫీసు హెల్త్ చెకప్‌లో అదే 75 మాత్ర మీద టీఎస్‌హెచ్ 2.6 ఉంది.

ఈ రిపోర్ట్ చూసి వెంటనే థైరాయిడ్ ఎక్కువైందని రాసేయొచ్చు. కానీ ఆమె ఆ రోజు పొద్దున కూడా బయోటిన్ వేసుకున్నారు.

బయోటిన్ చేసే మాయ

చాలా ల్యాబ్‌లలో హార్మోన్ పరీక్షలు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే రెండింటి గట్టి బంధం మీద ఆధారపడి నడుస్తాయి. రక్తంలో బయట నుంచి వచ్చిన బయోటిన్ విపరీతంగా ఉంటే అది ఆ బంధంలోకి జొరబడుతుంది. ఫలితంగా టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, ఫ్రీ టీ4, ఫ్రీ టీ3 ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. అంటే థైరాయిడ్ మామూలుగా ఉన్న మనిషికి కూడా కాగితం మీద గ్రేవ్స్ జబ్బు (గ్రంథి హార్మోన్‌ను అతిగా తయారుచేసే ఆటో ఇమ్యూన్ జబ్బు) వచ్చేస్తుంది. శరీరానికి రోజుకు కావలసిన బయోటిన్ 30 నుంచి 40 మైక్రోగ్రాములు. జుట్టు మాత్రలో ఉన్నది 10 మి.గ్రా., అంటే 10,000 మైక్రోగ్రాములు. ల్యాబ్ వాళ్లు దీన్ని అడగరు, పేషెంటు చెప్పరు.

బయోటిన్ మూడు రోజులు ఆపించి మళ్లీ తీయించాం: టీఎస్‌హెచ్ 0.06, ఫ్రీ టీ4 1.9. మొదటి రిపోర్ట్‌లో తీవ్రత కొంత బయోటిన్ వల్ల వచ్చినదే. అయినా థైరాయిడ్ ఎక్కువగా ఉండటం మాత్రం నిజం. నాడి 108 అన్నది బయోటిన్ వల్ల రాదు కదా.

ఇంకేం కావచ్చు

మూలిక మీద నేరం మోపేముందు మిగతా అనుమానితులను ఒక్కొక్కరినే పిలిచి విచారించాలి. ఈ కేసులో అసలైన పని ఇక్కడే ఉంది.

మాత్ర డోసు మారిందా? సీసా తెప్పించి చూశాం, 75 మాత్రే. 75 బదులు 100 సీసా వచ్చి రెండు నెలలు వాడేసిన వాళ్లు ఉంటారు, కాబట్టి చెప్పిన మాట కాకుండా సీసానే చూడాలి. కాఫీ మానేశారా? ఈ ప్రశ్న విడ్డూరంగా అనిపించొచ్చు. థైరాక్సిన్‌తో పాటే కాఫీ తాగే అలవాటుంటే మాత్ర సరిగా ఒంటబట్టదు, డోసు ఆ తగ్గుదలకు తగ్గట్టే స్థిరపడి ఉంటుంది. 'డిటాక్స్' అంటూ కాఫీ మానేస్తే అదే మాత్ర ఎక్కువగా ఒంటబడుతుంది. ఈమె కాఫీ తగ్గించలేదు.

గ్రేవ్స్ జబ్బా? హైపో (థైరాయిడ్ తక్కువ) ఉన్నవాళ్లు అరుదుగా హైపర్‌లోకి (థైరాయిడ్ ఎక్కువ) మారతారు. దానికి చేసే టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ వచ్చింది. స్కాన్ చేయిస్తే? గ్రంథి ఎంత చురుగ్గా ఉందో చూపే టెక్నీషియం స్కాన్ ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. బయటి నుంచి థైరాక్సిన్ తీసుకుంటూ టీఎస్‌హెచ్ అణిగిపోయిన మనిషిలో, కారణం గ్రేవ్స్ కాకుంటే గ్రంథి ఎలాగూ తక్కువే పట్టుకుంటుంది. యాంటీబాడీ చేతిలో ఉన్నప్పుడు స్కాన్ ఖర్చు దండగ.

నొప్పిలేని థైరాయిడైటిస్ (థైరాయిడ్ గ్రంథి వాపు)? యాంటీ టీపీఓ అనే యాంటీబాడీ పాజిటివ్. అంటే హషిమోటో, అంటే శరీరమే థైరాయిడ్ మీద దాడి చేసే జబ్బు, నేపథ్యంలో ఉంది, గ్రంథి కొంత దెబ్బతిని నిల్వ హార్మోన్ ఒక్కసారి బయటికి కారిపోయే అవకాశం ఉంది. దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం.

ఇక అశ్వగంధ. 2018లో వచ్చిన ఒక పరీక్షలో, స్వల్పంగా థైరాయిడ్ తగ్గిన 50 మందిలో సగం మందికి రోజుకు 600 మి.గ్రా. వేరు ఎక్స్‌ట్రాక్ట్ ఎనిమిది వారాలు ఇస్తే టీఎస్‌హెచ్ తగ్గింది, టీ3, టీ4 పెరిగాయి. చిన్న పరీక్షే, కానీ ప్రభావం ఏ దిశలో ఉందో చూపిస్తుంది. అశ్వగంధ వాడాక థైరాయిడ్ ఎక్కువై గుండెదడతో వచ్చిన కేసు రిపోర్టులు కూడా ఉన్నాయి. ఈమె తీసుకున్నది ఆ డోసుకు రెండున్నర రెట్లు, అది కూడా థైరాక్సిన్ మీద. 'నీకు థైరాయిడ్ ఉంది కదా, అశ్వగంధ మంచిది' అని సలహా ఇచ్చేవాళ్లు ఈ 2018 పరీక్షనే చూపిస్తారు. మాత్ర వేసుకోని మనిషికి పనికొచ్చినది, మాత్రతో లెక్క సరిపోయిన మనిషికి అదనం అవుతుందన్నది వాళ్ల దృష్టికి రాదు.

ఏం చేశాం

బయోటిన్ ముందే ఆపించాం, క్యాప్సూల్, గమ్మీ, లేహ్యం మూడూ ఒకేరోజు ఆపాం. మామూలుగా మార్పులు ఒక్కొక్కటే చేయాలి. కానీ నాడి 108 దగ్గర ఉన్నప్పుడు ప్రయోగశాల క్రమశిక్షణ కుదరదు. అశ్వగంధను మెల్లగా తగ్గించాల్సిన అవసరం లేదు.

థైరాక్సిన్‌ను 50కి తగ్గించాం. ఇక్కడ ఒక చిక్కుంది. మూలిక ఆపి, మాత్ర కూడా తగ్గిస్తే, తగ్గింది దేనివల్ల అనేది కలగాపులగం అవుతుంది. అయినా పేషెంటు భద్రత ముందు, కారణం తేల్చడం తర్వాత. ఆ ముడిని తర్వాత విప్పే దారి ఉంది, కింద చెప్తాను. ఆస్తమా లేదని మరోసారి నిర్ధారించుకుని, గుండె వేగం తగ్గించే ప్రొప్రనలాల్ 20 మి.గ్రా. రోజుకు రెండుసార్లు రెండు వారాలు, తర్వాత 10 మి.గ్రా. చొప్పున రెండుసార్లు ఒక వారం ఇచ్చి ఆపాం. యాంటీథైరాయిడ్ మందులు ఇవ్వలేదు. గ్రంథి కొత్తగా అతిగా తయారు చేస్తోందన్న ఆధారం లేనప్పుడు వాటికి పని లేదు. ఆందోళనకు మాత్ర కూడా అప్పుడే మొదలుపెట్టలేదు. థైరాయిడ్ దిగాక మిగిలేది ఎంతో చూడాలి.

ఎస్‌జీపీటీ 62ను విడిగా గమనించాం. అశ్వగంధ కాలేయాన్ని దెబ్బతీసిన కేసులు 2020లో ఐస్‌లాండ్, అమెరికాల నుంచి, ఆ తర్వాత మన దేశం నుంచి కూడా ప్రచురితమయ్యాయి. అవి ఎక్కువగా మొదలుపెట్టిన 2 నుంచి 12 వారాల్లో కామెర్లు, విపరీతమైన దురదతో బయటపడతాయి. థైరాయిడ్ ఎక్కువైనప్పుడు కూడా ఎస్‌జీపీటీ కాస్త పెరుగుతుంది కాబట్టి ఇక్కడ దేనివల్ల అని చెప్పడం కష్టం. దురద, ముదురు రంగు మూత్రం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే అదే రోజు రావాలని రాసిచ్చి, రెండు వారాలకు మళ్లీ తీయించాం: 41. ఎస్‌జీపీటీ మామూలు గరిష్ఠానికి మూడు రెట్లు దాటి, బిలిరుబిన్ కూడా రెండు రెట్లు దాటితే పరిస్థితి వేరు, అప్పుడు ఆస్పత్రిలోనే చూడాలి.

తర్వాతి వారాలు

రెండు వారాలకు నాడి 88, వణుకు దాదాపు పోయింది. మూడో వారానికి గ్యాడ్-7 స్కోరు 16 నుంచి 11కి దిగింది. ఈ స్కోరులో 4 పాయింట్ల తేడా వస్తే మనిషికి తెలిసేంత మార్పు అన్నట్టు. ఈ 5 పాయింట్లూ మనసుకు ఏ చికిత్సా చేయకముందే తగ్గాయి.

ఆరో వారంలో, 50 మాత్ర మీద టీఎస్‌హెచ్ 4.8, ఫ్రీ టీ4 1.1. టీఎస్‌హెచ్‌ను అంతకంటే ముందు చూసి కంగారుపడకూడదు. అణిగిపోయిన టీఎస్‌హెచ్ మళ్లీ లేవడానికి వారాలు పడుతుంది, తొలి వారాల్లో ఫ్రీ టీ4నే నమ్మాలి. మాత్రను తిరిగి 75 చేశాం. ఎనిమిది వారాల తర్వాత అదే 75 మీద టీఎస్‌హెచ్ 2.4. ముడి ఇక్కడ విడింది. మూలికకు ముందు 75 మీద 2.6, మూలికతో అదే 75 మీద 0.06, మూలిక ఆపాక మళ్లీ 75 మీద 2.4. మాత్ర డోసు ఎక్కువైందన్న అనుమానం పోయినట్టే.

అయితే ఇంతటితో 'అశ్వగంధే చేసింది' అని తీర్పు రాయొచ్చా? మందుకూ ఇబ్బందికీ లంకె ఎంత బలమైనదో చెప్పే డబ్ల్యూహెచ్‌ఓ కొలమానంలో మేం 'సాధ్యం' దగ్గర ఆగాం, 'బహుశా' దాకా వెళ్లలేదు. నొప్పిలేని థైరాయిడైటిస్ కూడా కొన్ని వారాలకు తనంతట తానే సర్దుకుంటుంది, ఈ గ్రాఫే చూపిస్తుంది. దాని తర్వాత తరచు వచ్చే హైపో దశ ఇక్కడ ప్రస్ఫుటంగా రాలేదన్నది మూలిక వైపు మొగ్గే అంశం. తిరిగి మూలిక ఇచ్చి చూస్తే రుజువవుతుంది, కానీ ఆ పని ఎవరూ చేయకూడదు. 'మళ్లీ తక్కువ డోసులో వాడొచ్చా?' అని ఆమె అడిగారు. థైరాక్సిన్ మీద ఉన్నంతకాలం వద్దని చెప్పాం.

మిగిలిన ఆందోళన, అసలు జబ్బు

ఆరో వారంలో థైరాయిడ్ దారికొచ్చింది, గ్యాడ్-7 మాత్రం 9 దగ్గర, ఐఎస్‌ఐ 16 దగ్గర నిలబడిపోయాయి. డబ్బాలు రాకముందు నుంచీ ఉన్నది ఇదే: పగటి నిద్ర చెడిపోయిన నైట్ షిఫ్ట్ మనిషి. దీనికి ఎక్స్‌ట్రాక్ట్ లేదు, పద్ధతి ఉంది.

ఒక వారం నిద్ర డైరీ రాయించాం. మంచం మీద ఎనిమిది గంటలు, నిద్ర నాలుగున్నర గంటలు. మిగతా సమయమంతా ఫోనూ, దొర్లడమూ. మంచం మీది సమయాన్ని అయిదున్నర గంటలకు కుదించాం: పొద్దున అయిదున్నర నుంచి పదకొండు దాకా. పడుకున్న సమయంలో 85 శాతం నిద్ర పట్టిన వారం తర్వాత పావుగంట నుంచి అరగంట పెంచాం. అయిదు గంటలకంటే కిందికి ఎప్పుడూ దించలేదు. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నప్పుడే ఈ కుదింపు మొదలుపెడితే మనిషి విరిగిపోతుంది, అందుకే ఆరో వారం దాకా ఆగాం. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్లకు, బండి నడిపే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఇది వద్దు.

చివరి కాఫీ రాత్రి పదకొండుకు. కెఫీన్ సగం తగ్గడానికే సగటున అయిదు గంటలు పడుతుంది, రెండింటికి తాగిన కాఫీ పొద్దున ఏడింటికి కూడా సగం లోపలే ఉంటుంది. ఇంటికొచ్చే క్యాబ్‌లో ఫోన్ పక్కన పెట్టడం, వేసవిలో తెల్లారుతుంటే నల్ల కళ్లద్దాలు, కిటికీకి వెలుతురు చొరని మందపాటి తెర. వారాంతంలో రాత్రి పదింటికే పడుకునే అలవాటు మానిపించాం. సెలవు రోజుల్లో కూడా పడక తెల్లవారుజాము మూడింటికి. మరీ మామూలు రాత్రికి మారిపోతే సోమవారం మళ్లీ అమెరికా విమానం దిగినట్టే. థైరాక్సిన్ లేచిన వెంటనే మంచినీళ్లతో, కాఫీ గంట తర్వాత, ఐరన్, కాల్షియం మాత్రలుంటే నాలుగు గంటల ఎడంతో. దీంతోపాటు ఆరు వారాల సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే మాటల చికిత్స). పని విషయాలు తలలో తిరగడం ఎక్కువ కాబట్టి షిఫ్ట్ అయ్యేముందు పావుగంట మర్నాటి పనులు కాగితం మీద పెట్టేయడం అందులో బాగా పనిచేసింది. షిఫ్ట్‌ను వారానికోసారి తిప్పకుండా స్థిరంగా ఉంచమని మేనేజర్‌కు చూపించుకునే ఉత్తరం ఇచ్చాం.

పద్నాలుగో వారానికి గ్యాడ్-7 స్కోరు 5, పీహెచ్‌క్యూ-9లో 5, ఐఎస్‌ఐ 9. ఆందోళనకు మందు లేకుండా.

మరి ఎక్స్‌ట్రాక్ట్ ఎవరికి, ఎలా

అశ్వగంధ ఒట్టి బూటకమని ఈ కేసు చెప్పదు. 2012లో హైదరాబాద్‌లోనే దీర్ఘకాల ఒత్తిడితో ఉన్న 64 మంది మీద జరిగిన పరీక్షలో, వేరు ఎక్స్‌ట్రాక్ట్ 300 మి.గ్రా. రోజుకు రెండుసార్లు 60 రోజులు వాడినవారిలో ఒత్తిడి స్కోరు బాగా తగ్గింది, రక్తంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ దాదాపు 28 శాతం తగ్గింది. తర్వాతి పరీక్షలూ చాలావరకు అదే దిశలో ఉన్నాయి. కానీ అన్నీ చిన్నవి, రెండు మూడు నెలలవి, చాలావాటిలో తయారీదారుల పాత్ర ఉంది. రెండేళ్లు వాడితే ఏమవుతుందన్న దానికి వాటిలో జవాబు లేదు.

గ్యాడ్-7 స్కోరు 15 లోపు ఉండి, వేరే మందులు లేని ఆరోగ్యవంతుడైన ఉద్యోగి 'ప్రయత్నిస్తాను' అంటే ఇలా: ముందు టీఎస్‌హెచ్, ఎస్‌జీపీటీ, బిలిరుబిన్. వేరు ఎక్స్‌ట్రాక్ట్ ఒక్కటే, 300 మి.గ్రా. చొప్పున రెండుపూటలా భోజనం తర్వాత. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. ఆ నెలలో మరే కొత్త మార్పూ వద్దు, సెలవులకు ముందు మొదలుపెట్టొద్దు. ఎనిమిది వారాలకు స్కోరు మళ్లీ చూసి, ఆపాలి. ఆపాక రెండు వారాల్లో తేడా కనిపించకపోతే అది చేస్తున్నదేమీ లేదని అర్థం. మగత రావచ్చు, తెల్లవారుజామున బైక్ మీద ఇంటికెళ్లేవాళ్లు మొదటి వారం జాగ్రత్త. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు మానేయాలి. గర్భిణులు, థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు, లూపస్, రుమటాయిడ్ వంటి ఆటో ఇమ్యూన్ జబ్బులున్నవాళ్లు, ఇమ్యూనిటీ తగ్గించే మందులో నిద్రమాత్రలో వేసుకునేవాళ్లు, కాలేయ జబ్బున్నవాళ్లు దీని జోలికి పోవద్దు. షుగర్ మందులతో కలిస్తే షుగర్ పడిపోవచ్చు.

లేబుల్ మీద మూడు చూడాలి. 'వేరు మాత్రమే' అని ఉందా? ఆకులో వితఫెరిన్-ఎ అనే ఘాటైన రసాయనం ఎక్కువ, 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆకు వాడొద్దని తయారీదారులకు సూచించింది. వితనోలైడ్ల శాతం హెచ్‌పీఎల్‌సీ (ఒక్కో రసాయనాన్ని విడదీసి కొలిచే) పద్ధతిలో కొలిచిందా? తూకం పద్ధతిలో కొలిస్తే వితనోలైడ్లు కానివి కూడా కలిసి అంకె పెద్దదిగా కనిపిస్తుంది. ఎక్స్‌ట్రాక్టా, చూర్ణమా? ఆయుర్వేద ఫార్మకోపియాలో చూర్ణం మోతాదు 3 నుంచి 6 గ్రాములు, ఆ అంకెను ఎక్స్‌ట్రాక్ట్‌కు అంటగట్టడం ప్రమాదం. సీసం 10, పాదరసం 1, ఆర్సెనిక్ 3, కాడ్మియం 0.3 పీపీఎం లోపు అన్న ల్యాబ్ సర్టిఫికెట్ అడిగితే ఇచ్చే కంపెనీనే ఎంచుకోవాలి.

మిగతా మూలికల మాట క్లుప్తంగా. బ్రాహ్మి ఎక్స్‌ట్రాక్ట్ 300 మి.గ్రా. జ్ఞాపకశక్తికి పన్నెండు వారాల పరీక్షల్లో కొంత పనిచేసింది, ఆందోళనకు ఆధారం తక్కువ, కడుపు నొప్పి, ఎక్కువసార్లు మోషన్ దాని సాధారణ ఇబ్బందులు. బ్రాహ్మి పేరుతో మన సరస్వతి ఆకును అమ్మేవాళ్లున్నారు, రెండూ వేరు మొక్కలు. కుంకుమపువ్వు రోజుకు 30 మి.గ్రా. తేలికపాటి కుంగుబాటులో ఆశాజనకంగా ఉంది, కల్తీయే దాని పెద్ద సమస్య. శంఖపుష్పి కలిసిన సిరప్, మూర్ఛ మందైన ఫెనిటాయిన్ స్థాయిని తగ్గించి మూర్ఛలు తిరిగొచ్చేలా చేయగలదు, ఈ విషయం మన దేశం నుంచే 1992లో రిపోర్ట్ అయింది. అమెరికాలో ఉండే మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది కుంగుబాటుకు వాడే మూలిక సెయింట్ జాన్స్ వోర్ట్ గురించి. అక్కడ కిరాణా కొట్టులో కూడా దొరుకుతుంది. గర్భనిరోధక మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, అవయవ మార్పిడి మందుల పనితనాన్ని దెబ్బతీస్తుంది. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటి కుంగుబాటు మందులతో కలిస్తే సెరటోనిన్ సిండ్రోమ్ (మెదడు రసాయనం సెరటోనిన్ ప్రమాదకరంగా పెరగడం) రావచ్చు. ఇండియాకు వస్తూ అక్కకో వదినకో ఆ సీసా ఇచ్చేముందు వాళ్లు ఏ మాత్రలు వేసుకుంటున్నారో అడగండి.

రిపోర్ట్ చేయడం

ఈ తరహా కేసులు చాలావరకు రాతలోకి రావు. ఆయుష్ లైసెన్స్ ఉన్న మందైతే ఆయుష్ సురక్ష పోర్టల్‌లో, లేదా ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే) హెల్ప్‌లైన్ 1800-180-3024లో చెప్పొచ్చు. గమ్మీల్లాంటివి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) కింద ఆహారంగా అమ్ముడవుతాయి కాబట్టి డాక్టర్లు 'ఇది మందు కాదు' అని వదిలేస్తున్నారు. వాటినీ రాయాలి. ఉత్పత్తి పేరు, బ్యాచ్ నంబర్, మొక్క భాగం, రోజు మోతాదు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, కలిపి వాడిన మందులు, ముందూ తర్వాతా ల్యాబ్ అంకెలు కావాలి. డబ్బా ఖాళీ అయినా పారేయొద్దని పేషెంటుకు మొదటి రోజే చెప్పాలి. బ్యాచ్ నంబర్ లేకపోతే తయారీ లోపమా, మూలిక గుణమా అన్నది తేల్చే దారి ఉండదు. ఒకవేళ మనసు బాగోలేక, వెంటనే ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు.